కోట వెనక కాగితం



చెన్నైలో సముద్రం ఒడ్డున సెయింట్ జార్జి కోట ఉంది. కోటలో మ్యూజియం ఉంది. దాన్ని 1948లో తెరిచారు. అక్కడ పాత తుపాకులు, కత్తులు, సిపాయిల దుస్తులు చూడొచ్చు. కారన్‌వాలిస్ దొర విగ్రహమూ ఉంది. దాని దిమ్మె మీద ఒక బొమ్మ చెక్కారు. 1792లో టిప్పు సుల్తాను తన ఇద్దరు కొడుకుల్ని ఇంగ్లీషువాళ్ళకు జామీనుగా అప్పగించిన బొమ్మ అది.

కంపెనీకి ఇంత బలం ఎలా వచ్చింది? 1639లో దామెర్ల వెంకటాద్రి నాయకుడు ఇక్కడ కోట కట్టుకోమని కంపెనీకి రాసిచ్చాడు. వర్తకం సాగితే లాభమనుకున్నాడు. వర్తకులు దొరలయ్యారు. మన కోస్తా, సీమ జిల్లాల్ని కూడా ఈ కోట నుంచే ఏలారు.

తుపాకులు చూసి వచ్చేస్తే చాలదు. పక్కన రాసింది కూడబలుక్కుని చదవండి. ఏ కాగితం మీదైనా చేవ్రాలు చేసేముందు, రేపేమవుతుందో ఆలోచించండి.