గ్రేలూ లెక్కే, రోజులూ లెక్కే

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌లో బ్రాకీథెరపీ డోసు ప్లానింగ్ గురించి చర్చించడానికి తిరుపతి వచ్చిన ఆంకాలజిస్టులకు, ఫిజిసిస్టులకు, టెక్నాలజిస్టులకు, నర్సింగ్ సిబ్బందికి, విద్యార్థులకు స్వాగతం. నన్ను అధ్యక్షత వహించమన్న నిర్వాహకులకు కృతజ్ఞతలు.

గ్లోబోకాన్ 2022 అంచనా ప్రకారం మన దేశంలో ఏటా సుమారు 1,27,000 మంది స్త్రీలు ఈ జబ్బున పడుతున్నారు, 80,000 మంది దాకా చనిపోతున్నారు. గడ్డ చుట్టుపక్కలకు పాకిన దశలో బయటి నుంచి రేడియేషన్, వారం వారం సిస్‌ప్లాటిన్, ఆ తర్వాత లోపలి నుంచి బ్రాకీథెరపీ. ఈ చివరిది లేకుండా వైద్యం పూర్తికాదు.

1938లో మాంచెస్టర్‌లో టాడ్, మెరిడిత్ 'పాయింట్ ఏ'ను ప్రతిపాదించారు. గడ్డ చిన్నదైనా పెద్దదైనా డోసు లెక్క ఆ బిందువు దగ్గరే. దశాబ్దాల పాటు మనమూ రెండు ఎక్స్‌రే ఫిల్ములతో అదే చేశాం. 2005, 2006లలో వచ్చిన జెక్-ఎస్ట్రో సిఫార్సులు, 2016లో వెలువడిన ఐసీఆర్‌యూ 89వ నివేదిక ఆ పద్ధతిని మార్చాయి. అప్లికేటర్ లోపల ఉండగా తీసిన ఎంఆర్‌ఐలోనో సీటీలోనో ఆనాటికి మిగిలిన గడ్డను గీస్తున్నాం. దానిలో 90 శాతానికి మొత్తం 85 గ్రేలు అందాలి. మూత్రాశయంలో డోసు అత్యధికంగా తగిలే 2 సీసీల భాగానికి 90, పురీషనాళంలో అంతే భాగానికి 75 దాటకూడదు.

ఈ అంకెల్లో ఎంత ఇరుకు ఉందో చూడండి. బయటి నుంచి 25 సిట్టింగుల్లో 45 గ్రేలు, లోపల 7 గ్రేల చొప్పున నాలుగు ఫ్రాక్షన్లు ఇచ్చామనుకుందాం. ఈక్యూడీ2లోకి, అంటే 2 గ్రేల ఫ్రాక్షన్లకు సమానమైన డోసులోకి మారిస్తే గడ్డకు 84 గ్రేలు. లక్ష్యానికి ఒక్క గ్రే తక్కువ, కొంచెం పెంచుదామనిపిస్తుంది. ఫ్రాక్షన్‌కు 4 గ్రేలు తగులుతుంటే పురీషనాళానికి చేరే మొత్తం డోసు 65.6 దగ్గర ఉంటుంది. ఆ 4 కాస్తా 5 అయితే మొత్తం 75.2కు చేరుతుంది. పెరిగింది ఫ్రాక్షన్‌కు ఒక్క గ్రేనే, హద్దు మాత్రం దాటిపోయింది.

ఈ ఇరుకును కంప్యూటర్ ఒక్కటే తీర్చలేదు. అప్లికేటర్‌లోని టాండెమ్ వంకరగా కూర్చున్నా, ఓవాయిడ్లు జారినా, గాజ్ గుడ్డ ప్యాకింగ్ వదులైనా డ్వెల్ టైములు ఎంత సర్దినా ప్రయోజనం తక్కువ. సోర్సు నుంచి దూరం రెట్టింపైతే డోసు దాదాపు నాలుగో వంతుకు పడిపోతుంది. అందుకే బిగువుగా కూరిన ప్యాకింగ్ పురీషనాళాన్ని జరిపే ఆ కొద్ది మిల్లీమీటర్లకు అంత విలువ. థియేటర్‌లో పది నిమిషాలు ఎక్కువ పట్టినా పట్టనివ్వండి. "ప్లాన్‌లో చూసుకుందాంలే" అన్న మాట మానేద్దాం.

ఇక నేను ముఖ్యంగా చెప్పదలచుకున్నది రోజుల సంగతి. మొత్తం వైద్యం ఎనిమిది వారాల్లో ముగియాలి. ఒక వారం ఆలస్యమైతే గడ్డకు 5 గ్రేలు తగ్గించి ఇచ్చినంత నష్టమని రెట్రో-ఎంబ్రేస్ అధ్యయనం తేల్చింది. ఒక గ్రే కోసం తెర ముందు గంటసేపు కుస్తీ పట్టే మనం, 5 గ్రేలు బస్టాండులో పోతుంటే పట్టించుకోవడం లేదు.

మన ప్రాంతంలో ఆ 5 గ్రేలు ఎలా పోతాయో మీకు తెలుసు. బయటి రేడియేషన్ ముగిసేసరికి రక్తస్రావం ఆగుతుంది, మనిషి తేరుకుంటుంది. "కరెంటు అయిపాయ గదా సార్, ఇంగేముండాది?" అని పుంగనూరుకో కుప్పానికో వెళ్లిపోతుంది. అక్కడ చెనక్కాయ విత్తే అదును, కూతురి కాన్పు, ఊరి జాతర. ఆమెది తప్పు కాదు. ఇంకా అసలు భాగం మిగిలి ఉందని మొదటి రోజే ఎవరూ ఆమెకు అర్థమయ్యేలా చెప్పలేదు. మన వైపు ఆలస్యాలూ ఉన్నాయి. ఇరిడియం-192 సగం ఆయువు 74 రోజులే. కొత్త సోర్సు సమయానికి రాకపోతే చికిత్స నిమిషాలు పెరుగుతాయి, క్యూ పెరుగుతుంది.

చిత్తూరు వాళ్లకు మొదటినుంచీ వేలూరు సీఎంసీ దగ్గర. తిరుపతిలో స్విమ్స్ ఉంది, 2022 నుంచి టాటా ట్రస్టుల సహకారంతో వచ్చిన క్యాన్సర్ ఆస్పత్రి ఉంది. ఇక కావలసింది పొందిక. మూడు పనులు ప్రతిపాదిస్తున్నాను. బయటి రేడియేషన్ మొదటి సిట్టింగు రోజే బ్రాకీథెరపీ తేదీలు కేస్ షీటు మీద, రోగి చీటీ మీద రాయాలి. ఒకచోట సోర్సు ఆలస్యమైతే పక్క కేంద్రానికి పంపే ఒప్పందం చేసుకోవాలి. ప్రతి ప్లాన్ నివేదికలో గ్రేల పక్కన గడిచిన రోజుల గడి ఒకటి పెట్టాలి. సాయంత్రం చర్చలో వీటిని తీర్మానాలుగా పరిశీలించమని కోరుతూ సదస్సు ప్రారంభమైనట్టు ప్రకటిస్తున్నాను.