గోదావరి మట్టి ఎక్కడ ఆగిపోయింది?



ఈ రోజు మనం యానాంలో, గౌతమి ఒడ్డున కలుసుకున్నాం. కొందరు మహారాష్ట్ర నుంచి, కొందరు ఒడిశా, కర్ణాటకల నుంచి వచ్చారు. ఊళ్లు వేరైనా మనలో చాలామందిది ఒకే నది. గోదావరి త్ర్యంబకం దగ్గర పుట్టి 1,465 కిలోమీటర్లు నడుస్తుంది. మంజీర బీదర్ జిల్లా మీదుగా వచ్చి అందులో కలుస్తుంది. ఇంద్రావతి, శబరి ఒడిశా కొండల్లో పుడతాయి. ఆ కొండలు, ఆ చేలు అరిగి వచ్చిన ఒండ్రే ఇప్పుడు మన కాళ్ల కింద ఉన్న డెల్టా.

నది అంటే మనకు నీళ్లే గుర్తుకొస్తాయి. నది మట్టిని కూడా మోస్తుంది. డెల్టా నేల తన బరువుకు తానే కొంచెం కొంచెం కుంగుతూ ఉంటుంది. వరద తెచ్చే ఒండ్రు ఆ లోటు పూడుస్తుంది. అలలు తీరాన్ని కోస్తుంటే, నది తెచ్చే ఇసుక తిరిగి నింపుతుంది. ఆ మట్టి రావడం తగ్గితే కోతే మిగులుతుంది.

మరి అది ఎక్కడ ఆగింది? ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. కరువుతో, వరదలతో నలిగిన జిల్లాకు అన్నం పెట్టింది. కాటన్ దొర పేరు మనం గర్వంగా చెప్పుకుంటాం, తప్పు లేదు. ఆ ఆనకట్ట ఎత్తు తక్కువ, వరద దాని మీదుగానే పోయేది. తర్వాత ఎగువన పెద్ద జలాశయాలు వచ్చాయి. వాటిలో నీటి వడి తగ్గి ఒండ్రు అడుగున దిగిపోతుంది. 112 టీఎంసీల నిల్వకు కట్టిన శ్రీరాంసాగర్‌లో పూడిక వల్ల 20 టీఎంసీలకు పైగా చోటు పోయింది. 1970లలో గోదావరి ఏటా సుమారు 15 కోట్ల టన్నుల ఒండ్రు తెచ్చేదని, 1990లలో అది 6 కోట్ల టన్నుల లోపుకు పడిపోయిందని పరిశోధకులు లెక్కగట్టారు. 1976 తర్వాత పాతికేళ్లలో డెల్టా అంచున సుమారు 18 చదరపు కిలోమీటర్ల నేల సముద్రం పాలైంది.

వచ్చిన కాస్త ఇసుకనూ మనం లారీలకెత్తుతున్నాం. యంత్రాలతో లోతుగా తవ్వితే నది అడుగు దిగుతుంది, గట్లు విరిగిపడతాయి, ఎండాకాలంలో ఉప్పునీరు పైకి ఎగదన్నుతుంది.

ఈ నష్టం అందరికీ సమానంగా రాదు. జలాశయం కింద ఊరు మునిగేది కోయలకు, కొండరెడ్లకు. తీరం కోసుకుపోతే గుడిసె పోయేది మత్స్యకారులకు. లంకభూమి విరిగిపడితే వీధినపడేది కౌలుదారు. కాలువ నీళ్లు, కరెంటు, మేడలు మాత్రం ఎక్కువగా వేరేవాళ్లవి. నాబోతు ద్రాక్షతోట కథ మనకు కొత్త కాదు.

ఆనకట్టలన్నీ పగలగొట్టమని మనం అనడం లేదు. డెల్టా రైతు కడుపు మీద కొట్టే మాట మనకొద్దు. కొత్త ప్రాజెక్టు వచ్చినప్పుడు నీటి లెక్కతోపాటు మట్టి లెక్క కూడా అడుగుదాం. వీలున్న చోట వరద రోజుల్లో అడుగు తూములు తెరిచి ఒండ్రును కిందికి వదలమని అడుగుదాం. కోరింగ మడ అడవిని కాపాడుకుందాం. ఒండ్రును పట్టి నిలిపేది ఆ వేళ్లే. ఇసుక రేవు మీద గ్రామసభ మాట చెల్లాలని నిలబడదాం.

ఒక పని మాత్రం మన చేతుల్లోనే ఉంది. మన సంఘాల్లో ఎక్కడో ఒకచోట ప్రార్థనా మందిరమో, పాఠశాల గదో కడుతూనే ఉంటాం. సిమెంటు ధర అడుగుతాం, మేస్త్రీ కూలి అడుగుతాం. ఈసారి కమిటీలో కూర్చున్నప్పుడు ఇంకొక్కటి కూడా అడుగుదాం: ఈ ఇసుక ఏ రేవుది? అక్కడ తవ్వడానికి అనుమతి ఉందా? ఆ ఒడ్డున ఎవరుంటున్నారు?

ఇసుక మీద ఇల్లు కట్టుకున్నవాడి ఉపమానం చిన్నప్పటి నుంచి విన్నాం. పక్కవాడి కాళ్ల కింది ఇసుక తెచ్చి మనం ఇల్లు కట్టుకుంటే ఏమవుతుందో ఇప్పుడు ఆలోచిద్దాం.