కర్రలో ఆరేది నీరు, లిగ్నిన్ కాదు
(సుబాబుల్, జామాయిల్ రైతుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ధర గురించి కూర్చున్న ప్రతిసారీ కొనేవాళ్లు ఒక మాట అంటారు: "మీ కర్రలో గుజ్జు సగం కూడా రాదు, మిగతాదంతా వ్యర్థమే." ఆ వ్యర్థంలో పెద్ద భాగం పేరు లిగ్నిన్. అదేమిటో తెలియకుండా చర్చకు వెళితే మన కర్ర గురించి వాళ్లే మనకు పాఠం చెబుతారు.

చెట్టులో ప్రతి కణం చుట్టూ గోడ ఉంటుంది. అందులో సెల్యులోజ్ పోగులు తడికలా అల్లుకుని ఉంటాయి. కాగితమయ్యేది ఆ పోగులే. తడికకు మట్టి మెత్తినట్టు వాటి సందుల్లో చేరి బిగించేది లిగ్నిన్. అది లేకపోతే అంత ఎత్తు జామాయిల్ నిలబడదు. వేరు నుంచి నీరు పైకి లాగే గొట్టాలు ఆ లాగుడుకే నొక్కుకుపోతాయి.

అది తయారయ్యే తీరు చూడండి. ఆకు చేసిన చక్కెర నుంచి చెట్టు ఫినైల్ అలనిన్ అనే అమైనో ఆమ్లం తయారుచేసుకుంటుంది. ఒక ఎంజైము అందులోని నత్రజనిని అమ్మోనియాగా విడగొడుతుంది. ఆ అమ్మోనియాను చెట్టు పారేయదు, మళ్లీ వాడుకుంటుంది. యూరియా బస్తా కోసం క్యూలో నిలబడే మనకు ఆ పొదుపు విలువ తెలుసు. మిగిలినది మెట్టు మెట్టుగా మారి మూడు ఆల్కహాళ్లవుతుంది: కూమరైల్, కోనిఫెరైల్, సినపైల్. తాగేవి కావు, ఆశపడకండి. అవి గోడలోకి చేరాక పెరాక్సిడేజ్, లాకేజ్ అనే ఎంజైములు వాటినుంచి ఎలక్ట్రాన్లను లాగేస్తాయి. ఇక ఆ అణువులు ఊరుకోవు, పక్కన ఏది దొరికితే దాన్ని పట్టుకుంటాయి. అలా అతుక్కుంటూ పోయి ఒక వరస లేని పెద్ద ముద్ద అవుతుంది. వరస లేదు కాబట్టే బూజుకు గానీ, పశువు కడుపుకు గానీ తేలిగ్గా లొంగదు. ఎండు కర్రలో ఐదో వంతు నుంచి నాలుగో వంతు దాకా ఇదే.

ఇంకో సంగతి. సుబాబుల్, జామాయిల్ లాంటి చెట్ల లిగ్నిన్‌లో సినపైల్ పాలు బాగా ఉంటుంది. పైన్ లాంటి సూదాకు చెట్లలో దాదాపు అంతా కోనిఫెరైలే, అక్కడి అతుకులు మరింత మొండివి. ఉడికించేవాడికి మన కర్రే తేలిక. ఈ మాట చర్చల్లో ఎవరూ ఎత్తరు.

మిల్లులో కర్ర ముక్కలను కాస్టిక్ సోడా, సోడియం సల్ఫైడ్ ద్రావణంలో 160–170 డిగ్రీల వేడిలో ఉడికిస్తారు. లిగ్నిన్ కరిగి నల్లటి ద్రవంగా బయటికొస్తుంది. పారబోస్తారా? లేదు. చిక్కగా ఇగిరించి రికవరీ బాయిలర్‌లో మండిస్తారు. ఆవిరి వస్తుంది, కరెంటు వస్తుంది, ఉడికించిన రసాయనాలూ చాలావరకు తిరిగి చేతికొస్తాయి. కిలోకు కిలో చూస్తే లిగ్నిన్ సెల్యులోజ్ కంటే ఎక్కువ వేడినిస్తుంది. ఆ బాయిలర్‌కు పెట్టుబడి భారీగానే అవుతుంది, కాదనను. కానీ బొగ్గు కొంటే దానికి డబ్బు కడతారు. మన లిగ్నిన్ మండిస్తే దానికి వ్యర్థమని పేరు పెడతారు!

ఇక కాటా సంగతి. అప్పుడే కొట్టిన కర్రలో మూడో వంతు నుంచి సగం దాకా నీరే. లారీ మిల్లు గేటు ముందు రెండు మూడు రోజులు ఎండలో నిలబడితే ఆ నీరు ఆరిపోతుంది. 20 టన్నుల లోడు 19 టన్నులు తూగిందనుకోండి. పోయిన టన్ను నీరు. సెల్యులోజ్ ఒక్క కిలో తగ్గలేదు, లిగ్నిన్ ఒక్క కిలో తగ్గలేదు. మిల్లుకు చేరిన సరుకు అంతే, మనకొచ్చిన డబ్బు మాత్రం ఒక టన్ను తక్కువ. లోపల వాళ్ల లెక్కలన్నీ పూర్తిగా ఎండిన కర్ర బరువు మీదే నడుస్తాయి. మన దగ్గరికొచ్చేసరికి పచ్చి తూకమంటారు!

అందుకని ఈసారి ఎండు బరువు లెక్కన ధర కట్టమని అడుగుదాం. అది కుదరదంటే తోట దగ్గర లోడు చేసిన రోజు తూకానికే డబ్బివ్వాలి, గేటు ముందు ఆలస్యం వాళ్ల ఖాతాలో పడాలి. నల్ల ద్రవంతో తీసే ఆవిరి, కరెంటు లెక్క కూడా ధర నిర్ణయించేటప్పుడు బల్ల మీద పెట్టాలి. దీనికి ఆధారాలు కావాలి. మీ దగ్గరున్న కాటా చీటీలు, తోట దగ్గరిదీ మిల్లు దగ్గరిదీ రెండూ, తేదీలు కనిపించేలా జిరాక్సు తీసి నెలాఖరులోగా మండల కమిటీకి ఇవ్వండి.