డబ్బా పొడి కొనేముందు ఒక్క మాట
(సమాఖ్య వార్షిక మహాసభలో ఒక సంఘం లీడరు మాట్లాడినది)



పోయిన ఏడు మా సంఘంలో నలుగురం బలం పొడి డబ్బాలు కొన్నాం. డబ్బా 900 రూపాయలు. నాకు మెట్లెక్కితే ఆయాసం, కళ్లు తిరిగేది, పొద్దుగూకేసరికి కాళ్లు పీకేవి. ఇది తాగితే అన్నీ పోతాయని అమ్మినామె చెప్పింది. మూడు డబ్బాలు అయిపోయినాయి, నీరసం మాత్రం పోలేదు. ఏడాదంతా నేను కట్టే పొదుపు 2,400 రూపాయలైతే, డబ్బాలకు పెట్టింది 2,700.

ఆఖరికి ఏఎన్ఎం అమ్మ రక్తపరీక్ష చేస్తే హిమోగ్లోబిన్ 8 ఉంది. మనకు 12 ఉండాల, గర్భిణికైతే 11. ఇంటికొచ్చి డబ్బా మీద చదివితే అందులో ఎక్కువున్నది చక్కెరే.

ఇది నా ఒక్కదాని సంగతి కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి దాదాపు 59 మందికి రక్తహీనత ఉంది.

దానికి ఐరన్ మాత్రలు సర్కారు ఉత్తగానే ఇస్తుంది. గర్భిణులు నాలుగో నెల నుంచి రోజుకొకటి 180 రోజులు, కాన్పు తర్వాత ఇంకో 180 రోజులు వేసుకోవాల. మనం ఏం చేస్తాం? కడుపులో తిప్పుతోందని, దొడ్డికి నల్లగా వస్తోందని భయపడి డబ్బాలో దాచిపెడతాం. నల్లగా రావడం మామూలే. అన్నం తిన్నాక వేసుకుంటే తిప్పడం తగ్గుతుంది. టీతో మింగొద్దు, టీ ఐరన్‌ను ఒంటికి పట్టనీదు. క్యాల్షియం మాత్ర కూడా దాంతో కలిపి వేసుకోవద్దు. నిమ్మకాయ నీళ్లు మంచివి. నులిపురుగుల మాత్ర కూడా మరవొద్దు, కొన్ని రకాల పురుగులు రక్తం తాగేస్తాయి.

మాత్రలన్నీ దండగ అని నేను చెప్పడం లేదు. బీ12 మాంసం, గుడ్డు, పాలల్లోనే దొరుకుతుంది. అవేవీ ముట్టనోళ్లకు, పరీక్షలో లోపం తేలినోళ్లకు మాత్ర కావాల్సిందే. కానీ అది డాక్టరు చెప్పాల, అమ్మేవాళ్లు కాదు. ఎక్కువ వేసుకుంటే ఎక్కువ బలం అనుకోవద్దు. ఏ విటమిన్ లాంటివి మోతాదు మించితే ఒంట్లో పేరుకొని చెరుపు చేస్తాయి.

మిగతా బలం మన వంటింట్లోనే ఉంది. రాగి సంగటిలో క్యాల్షియం ఉంది. కొర్రలు, చెనిక్కాయలు, మునగాకు, తోటకూర మన పొలాల్లో పండేవే. గుడ్డు ఏడు రూపాయలనుకున్నా, ఒక్క డబ్బా డబ్బుతో 120కి పైగా గుడ్లొస్తాయి. అయితే మనం అందరికీ పెట్టి ఆఖరున అడుగు బొడుగు తింటాం. అది మారకుంటే ఏ డబ్బా కొన్నా లాభం లేదు.

ఒక్కటే అడుగుతున్నా. సంఘంలో ఎవరికి ఎంత బాకీ ఉందో మనందరికీ తెలుసు. ఒంట్లో రక్తం ఎంత ఉందో ఎంతమందికి తెలుసు? వచ్చే నెల సమావేశానికి ప్రతి అక్కా పరీక్ష చేయించుకొని రండి. డబ్బా సంగతి ఆ తర్వాత ఆలోచిద్దాం.