చచ్చుపడిన చేతికి గాలియంత్రము

పక్షవాతముచే చేయి పడిపోయిన పెద్దలు లేని గ్రామము అరుదు. అట్టివారికి ఇంటివారు అన్నము కలిపి నోటికందింతురు. ఉత్తరీయము తామే కప్పుదురు. ఆ భక్తి మెచ్చదగినదే. కాని అదియే చేతికి శత్రువగుట కలదు. ఇందులకు ఒక యంత్రముయొక్క చరిత్ర సాక్ష్యమిచ్చుచున్నది.

1950 తరువాతి దశాబ్దమున అమెరికాలో జోసెఫ్ మెక్‌కిబెన్ అను భౌతికశాస్త్రజ్ఞుడు, పోలియో సోకి చేతులు పనిచేయని తన కుమార్తెకొరకు గాలితో పనిచేయు కండరమును రూపొందించెను. అది రబ్బరుగొట్టము, దానిపై ఏటవాలుగా అల్లిన గట్టి తొడుగుండును. గాలి నింపగా గొట్టము లావగును. దారములు సాగవు గనుక తొడుగు పొట్టియై, కట్టినదానిని లాగును. మన జబ్బకండయు ముడిచినపుడు ఉబ్బి పొట్టియగుచున్నది గదా! కమ్మరి తిత్తి గాలిని వెడలగ్రక్కి పనిచేయును. ఇది గాలిని మ్రింగి పనిచేయును. చేయి ఎదిరించినచో ఇనుపమరవలె మొండిపట్టు పట్టక మెత్తగా లొంగును.

ఇట్టి కండరములతో భుజము, మోచేయి, మణికట్టు కదలునట్లు అరిజోనా రాష్ట్ర విశ్వవిద్యాలయమువారు రూపర్టు అను తొడుగుయంత్రమును నిర్మించిరి. కాలిఫోర్నియాలోని ఇర్వైన్‌లో డేవిడ్ రైన్‌కెన్స్‌మేయర్ ప్రభృతులు గాలితో నడచు మరియొక యంత్రమును కట్టి, ఒక వింతను గమనించి 2008లో ప్రకటించిరి. యంత్రమే చేతిని పూర్తిగా మోసినచో, రోగి తానెరుగకయే తన ప్రయత్నమును మానుకొనుచుండెను! అందుచే వారు యంత్రమునకు మరపు నేర్పిరి. చేయి సరిగా సాగుచున్నంతసేపు అది తన సాయమును కొంచెము కొంచెముగా మరచుచుండును. చేయి తప్పినపుడు మరల అందుకొనును. పిల్లలచే వ్రేలుపట్టి ఓనమాలు దిద్దించిన మావంటివారికి ఈ మెలకువ క్రొత్తది గాదు.

యంత్రము వచ్చిన చేయి వచ్చునని భ్రమపడరాదు. బ్రిటనులో 770 మందిపై జరిపి 2019లో ప్రకటించిన పరీక్షలో, విద్యుత్తుతో నడచు యంత్రముచే చేయించిన సాధన మామూలు చికిత్సకంటె చేతిపనిని మెరుగుపరచినట్లు కానరాలేదు. కావున పట్టణమున అట్టి యంత్రము లేదని చింతిల్లనక్కరలేదు.

పడిన చేతి క్రింద మీ అరచేయి ఆనించి బరువు మాత్రము మీరు మోయుడు; చెంబును అందుకొను కదలికను వారికే విడువుడు. జాగైనను తొందరపెట్టకుడు. దినమునకు పలుమారులు చేయింపుడు. చేయిపట్టి లేవదీయుట మాత్రము కూడదు. పట్టుదప్పిన భుజపుకీలు దానివలన చెడును. నొప్పి పుట్టిన సాధన నిలిపి వైద్యుని అడుగుడు.