టీవీకీ, కంప్యూటరుకీ ఒకే తెర
(సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



టీవీగానూ, కంప్యూటరు మానిటరుగానూ పనికివచ్చే చిన్న తెరను ఎంచుకోవడం గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు ఆదేశించారు. నేను ఇంజనీరును కాను. ముప్పైరెండేళ్లు ఫైళ్లు రాసిన గుమాస్తాను. అయితే ఈ విషయంలో ఒకసారి దెబ్బతిన్నవాణ్ణి గనుక మాట్లాడే అర్హత ఉందనుకుంటాను.

మా అబ్బాయి తన పాత ల్యాప్‌టాప్ ఇచ్చాడు. దాని మీది అక్షరాలు మా దంపతుల కళ్లకు ఆనలేదు. తెర పెద్దదైతే సరిపోతుందని 32 అంగుళాల టీవీ కొన్నాను. సీరియళ్లకు బాగానే ఉంది. బల్ల మీద పెట్టి రెండడుగుల దూరంలో కూర్చుని పెన్షన్ స్లిప్పు తెరిస్తే మాత్రం, టైపు మిషను మీద తీసిన నాలుగో కార్బన్ కాపీలా కనబడింది. ఆ తెర మీద చూసే మెడికల్ రీయింబర్స్‌మెంటు దరఖాస్తులో బ్యాంకు ఖాతా నంబరు ఎక్కించాను. 8 ఉన్నచోట 3 రాశాను. రెండు నెలల తరువాత దరఖాస్తు తిరిగి వచ్చింది. సర్వీసంతా ఇతరుల బిల్లులు సరిచూసిన నేను, నా బిల్లు దగ్గర తప్పు చేశాను.

కారణం తరువాత తెలిసింది. తెర మీది బొమ్మ సన్నని చుక్కలతో ఏర్పడుతుంది. ‘హెచ్‌డీ రెడీ’ టీవీలో సాధారణంగా అడ్డంగా 1366, నిలువుగా 768 చుక్కలుంటాయి. ‘ఫుల్ హెచ్‌డీ’లో 1920, 1080. 32 అంగుళాల హెచ్‌డీ రెడీలో అంగుళానికి దాదాపు 49 చుక్కలే పడతాయి. 24 అంగుళాల ఫుల్ హెచ్‌డీలో 92 పడతాయి. ఆరడుగుల నుంచి సినిమా చూసేవారికి ఈ తేడా పెద్దగా తెలియదు. దగ్గర కూర్చుని అంకెలు చదివేవారికి తెలుస్తుంది.

కాబట్టి మొదటి మాట: అంగుళాలు చూసి మురిసిపోకుండా పెట్టె మీద 1920, 1080 అని ఉందేమో చూడండి. చిన్న టీవీల్లో చాలా వాటికి అది ఉండదు. దొరక్కపోతే ఫుల్ హెచ్‌డీ మానిటరే కొని, దానికి హెచ్‌డీ సెట్‌టాప్ బాక్సు తగిలించుకోవచ్చు. అప్పుడు మానిటరులో స్పీకర్లు ఉన్నాయో లేదో అడగండి. మూడు రంగుల వైర్లు మాత్రమే ఉన్న పాత బాక్సు నేరుగా దానికి పనికిరాదు.

రెండవది: హెచ్‌డీఎంఐ రంధ్రాలు రెండుండాలి. ఒకటి బాక్సుకు, ఒకటి కంప్యూటరుకు.

మూడవది: కొట్లో రంగురంగుల చేపలు చూపిస్తారు. చేపలతో మనకు పని లేదు. మీ ల్యాప్‌టాప్ తీసుకువెళ్లి తగిలించమనండి. మీ కళ్లద్దాలతో, రెండడుగుల దూరం నుంచి మీ పెన్షన్ స్లిప్పు చదివి చూడండి.

ఇంటికి వచ్చాక తెర అంచులు తెగి కనిపిస్తే, టీవీ మెనూలో బొమ్మ సైజు మార్చాలి. అక్షరాల చుట్టూ తెల్లని అంచు కనబడితే షార్ప్‌నెస్ తగ్గించాలి. బైఫోకల్ అద్దాలవారు తెరను కొంచెం కిందికి పెట్టుకుంటే మెడనొప్పి రాదు.

చివరికి ఆ టీవీని హాల్లో గోడకు పెట్టించి, 24 అంగుళాల ఫుల్ హెచ్‌డీ తెర కొన్నాను. మొదటిరోజే మా ఆవిడను ముందు కూర్చోబెట్టాను. ఆవిడకు రెండు కళ్లకూ శుక్లాల ఆపరేషను అయింది. ఖాతా నంబరు తడబడకుండా చదివి, “ఇది ఎనిమిదండీ, మూడు కాదు” అని నవ్వింది.

రేపు నా తరువాత ఫ్యామిలీ పెన్షన్ కాగితాలు చదువుకోవలసింది ఆవిడే. ఆ చదువుకోసం ఒకరి గుమ్మం ముందు నిలబడే అవసరం రాకూడదు. అందుచేత తెర కొనడానికి ఒక్కరే వెళ్లకండి. దంపతులిద్దరూ వెళ్లి, ఇద్దరూ చదివి కొనండి.