వాననీటి తూములు – రబ్బరు అతుకులు



కరవుసీమలో వాననీటి కాల్వల ప్రసంగ మేమిటని మీలో కొందరు నవ్వుకొనవచ్చును. ఉమ్మడి అనంతపురము జిల్లాలో సాలీనా సగటు వర్షపాతము సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. కాని ఆ కొద్ది వానయు నెలనెలా పంచిపెట్టినట్లు కురియదు. 2022 అక్టోబరులో అనంతపురము పట్టణమున నడిమివంక పొంగి ఇండ్లలోనికి నీరు వచ్చిన సంగతి మీ రెరుగుదురు. నెలల తరబడి ఎండియుండి ఒక్క రాత్రిలో నిండుగా పారవలసిన తూములు మనవి. వరదకంటె ముందు ఆ యెండయే వాటిని చెడగొట్టుచున్నదని చెప్పుటకే మేము వచ్చితిమి.

తాడిపత్రి, ఉరవకొండ ప్రాంతముల నల్లరేగడి వేసవిలో చేయి దూరునంతగా బీటలు వారును. పదును తగిలినంతనే ఉబ్బును. నేలతోపాటు తూము కొంచెము లేచును, కొంచెము దిగును. తూములు వచ్చి కలియు ఇటుక తొట్టి బరువైనది. దాని దిగుడు దానిదే. ఈ రెండింటిని సిమెంటు గచ్చుతో బిగించినచో, వంగుట యెరుగని ఆ అతుకే ముందు పగులును. పగులు వెంట్రుకవాసి యైనను చాలును. వాన వచ్చినపుడు చుట్టునున్న మట్టి నీటితో కలిసి తూములోనికి జారును. పైన రోడ్డు బాగుగనే కానవచ్చును. క్రింద బొరియ పెరుగుచుండును. వేరుసెనగ బస్తాల ట్రాక్టరు చక్రము దిగబడిన నాడు గాని ఊరికి తెలియదు. మేము పోయి చూచిన యొక గ్రామమున ఇట్లే జరిగినది. త్రవ్వి చూడగా తూములన్నియు గట్టిగనే యున్నవి; తొట్టి గోడకడ అతుకు మాత్రము విడినది. దానిని మరల గచ్చుతోనే మెత్తిరి. మరుసటి యేడు అదే చోట గుంట!

ఒక తూము నోటిలో మరొక తూము కొనను దూర్చి నడుమ రబ్బరు చుట్ట నమర్చు పద్ధతి ఇందులకే వచ్చినది. నేల కదలినను రబ్బరు నలిగి, సాగి, సందును మూసియుంచును. గోడలో కట్టిన తూము ముక్కకు ప్రక్కనే రెండడుగుల పొట్టి తూము నొకటి వేసి, దాని రెండు కొనలకును రబ్బరు అతుకు పెట్టినచో మరియు మేలు. తొట్టి దిగినపుడు ఆ పొట్టి తూము కొంచెము ఒరుగును గాని పగులదు.

రబ్బరుకును మన యెండ పడదు. మే నెలలో చుట్టలను రోడ్డు ప్రక్కన పడవేసినచో బిరుసెక్కును. తూము సులువుగా దూరుటకై కొందరు డీజిలో గ్రీజో పూయుదురు. అది రబ్బరును ఉబ్బించి పాడుచేయును. సబ్బునీరు చాలును. గాడిలో ఇసుక చేరినను, చుట్ట మెలిపడినను, పెట్టిన ఖర్చు వృథాయే. ఇవన్నియు మట్టి కప్పకముందే కనబడును. కనుక గోతిని పూడ్చుటకు ముందు పంచాయతీ సభ్యులలో ఒక్కరైనను వచ్చి, ప్రతి అతుకును చూచి, తూములో నీరు నింపించి, కారుట లేదని తెలిసికొనిన పిమ్మటనే బిల్లుకు సమ్మతింపవలెను. గుత్తేదారు తొందరపడును. పడనిండు.

ఇదివరకే గచ్చుతో వేసిన తూముల మాట యేమని అడుగుదురు. అన్నియు పెకలింప బనిలేదు. తొలకరికి ముందు ప్రతి తొట్టి చుట్టును నడచి చూడుడు. గోడకు రెండు మూడు మూరలలోపల రోడ్డు క్రుంగియున్నచో అచ్చటనే త్రవ్వింపుడు.